పాట లేని ప్లేటు

ఉగాది సంచికలో డీజేల మీద వ్యాసమేమిటని మన పెద్దలలో కొందరు బొమలు ముడుస్తారని ఎరిగే ఈ పనికి పూనుకొన్నాము. డీజే అనగానే వారికి ఊరేగింపు లారీ మీద గోడలాగా పేర్చిన స్పీకర్లు, గుండె అదరగొట్టే చప్పుడు, మరునాటి దాకా చెవులలో మిగిలే హోరు జ్ఞాపకం వస్తాయి. మేము చెప్పబోయేది ఆ హోరు సంగతి కాదు. గ్రామఫోను ప్లేటును చేతితో త్రిప్పి పాటను నడిపే విద్య ఒకటి ఉన్నది. ఆ విద్య ఎవరి చేతులలో పుట్టినది, కంప్యూటరు వచ్చిన తరువాత ఎట్లు మారినది, ఇప్పుడు దానికి కావలసిన సామాను కొనదలచినవారు ఏమి చూచి కొనవలెను అన్నదే మా విషయం.

ఈ ప్రశ్న మాకు పుస్తకాలలో ఎదురైనది కాదు. క్రిందటి ఉగాదికి మన షోలాపూరు పిల్లలు కొందరు పాత పాటలను కొత్త విధంగా వినిపిస్తామని ముందుకు వచ్చారు. రెండు టర్న్‌టేబుళ్లు, ఒక మిక్సరు అద్దెకు తెచ్చాము. టర్న్‌టేబుళ్లకూ కంప్యూటరుకూ నడుమ ఉండవలసిన పెట్టెను మాత్రం సంఘపు సొమ్ముతో కొన్నాము. దానినే సౌండు కార్డు అని కొందరు, ఆడియో ఇంటర్‌ఫేసు అని కొందరు అంటారు. అంగడిలో "ఇది చాలు" అన్నారు. మేము నమ్మాము. ఎడమ ప్లేటు ఒక్కటి పరీక్షించి చూచి తృప్తిపడ్డాము.

పంచాంగ శ్రవణం ముగిసినది. పచ్చడి పంచడం అయినది. పిల్లలు యంత్రాల దగ్గర నిలుచున్నారు. ఎడమ ప్లేటు త్రిప్పితే పాట కదిలినది. కుడి ప్లేటు త్రిప్పితే ఏమీ లేదు. పైగా హాలులోకి తుమ్మెదల గుంపు చొరబడినట్లు గుయ్యిమని ఒకటే మ్రోత. మగ్గం మీద నలుబది ఏండ్లు పనిచేసిన మా పెద్దాయన ఒకరు ముందు వరుసలో కూర్చొని, "ఏందిరా బిడ్డా, ప్లేటు తిరుగుతది గని పాట రాదేంది?" అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లల ముఖాలు చిన్నబోయినవి. సంఘపు సొమ్ము వృథా అయినందుకు మాకు కొంత బాధ కలిగినది. ఆ పిల్లలు తరువాత మూడు నెలలు సంఘం గడప త్రొక్కనందుకు అంతకంటె ఎక్కువ బాధ కలిగినది.

తప్పు విచారిస్తే మాదే. ఆ పెట్టెకు సాకెట్లు ఎన్ని ఉన్నవి, ఏది దేనికి అన్న మాట మేము అడుగనే లేదు. ఏడాది పాటు చదివి, తెలిసినవారిని అడిగి, చేసి చూచిన తరువాత తేలినదేమనగా, ఆ పెట్టె మీది ప్రతి సాకెట్టుకు, ప్రతి మరకు వెనుక ఒక కథ ఉన్నది. కథ తెలిస్తే కొనుగోలు సులభం. కనుక కథతోనే ప్రారంభిస్తాము.

లక్క ప్లేట్ల కాలం

1877లో అమెరికాలో ఎడిసన్ ధ్వనిని గొట్టం మీద గీతగా గీచి మరల వినిపించాడు. పదేండ్లకు, 1887లో, ఎమిల్ బెర్లినర్ గొట్టాన్ని వదలి చదునైన పళ్లెం మీద గీచే పద్ధతి కనిపెట్టాడు. ఈ బెర్లినర్ జర్మనీలో పుట్టి, యౌవనంలో అమెరికాకు వలస పోయినవాడు. పళ్లెమైతే అచ్చు దిమ్మ చేసి దానితో వేల ప్రతులు ఒత్తవచ్చు. ఆ సౌకర్యం వల్లనే కాలక్రమాన గొట్టం పోయి ప్లేటు నిలిచినది.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి గానాన్ని పట్టుకొని పోయాడు. 1908 నాటికి కలకత్తా సియాల్దాలోనే ప్లేట్లు ఒత్తే కర్మాగారం ఏర్పడినది. ఆనాటి ప్లేటుకు ముఖ్య పదార్థం లక్క. మన దేశపు అడవులలో చిన్న పురుగులు కొమ్మల మీద పెట్టే లక్కయే లోకమంతటి పాటలను మోసినది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేట్ల మీదనే మన నాటక పద్యాలు, హరికథలు, తొలి టాకీ పాటలు ఊరూరా తిరిగినవి. పొట్ట చేతబట్టుకొని తెలంగాణము విడిచి ఇక్కడి మిల్లులకు, మగ్గాలకు వచ్చిన మన కుటుంబాలలో కూడ కొందరి ట్రంకు పెట్టెలలో అట్టి ప్లేట్లు నేటికీ ఉన్నవి. ఒక్కొక్క వైపు మూడు నిమిషాల పై చిల్లర పాట. చేయి జారితే ముక్కలే.

రెండవ ప్రపంచ యుద్ధంలో లక్క దొరకుట కష్టమైనది. వినైలు అనే ప్లాస్టిక్కు వైపు కంపెనీల చూపు మళ్లుటకు అది ఒక కారణం. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును, 1949లో ఆర్.సి.ఏ. విక్టర్ 45 చుట్ల చిన్న రికార్డును విడుదల చేశారు. గాడి సన్నబడినది, ముల్లు సన్నబడినది. ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే కార్ట్రిడ్జి ఇంటింటికి వచ్చినది.

ఇక్కడనే మన పెట్టె మీది మొదటి సాకెట్టు కథ మొదలవుతుంది. మంద్ర స్వరాలను ఉన్నవి ఉన్నట్లు గీస్తే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి ప్రక్క గాడిలోకి చొరబడుతుంది. తార స్వరాలను ఉన్నవి ఉన్నట్లు గీస్తే ముల్లు రాపిడిలో అవి మునిగిపోతాయి. అందుచేత గీచేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచుతారు. వినేటప్పుడు యంత్రం దానిని సరిగా తలక్రిందు చేసి సరిదిద్దవలెను. ఎంత తగ్గించవలె, ఎంత పెంచవలె అన్నదానిలో మొదట ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క లెక్కగా ఉండేది. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ వారి సంఘం ఒక్క లెక్కను స్థిరపరచినది. ఆ సంఘం పేరు మీదనే దానిని ఆర్.ఐ.ఏ.ఏ. లెక్క అంటారు.

ఇదిగాక కార్ట్రిడ్జి ఇచ్చే విద్యుత్తు మిక్కిలి స్వల్పం. సాధారణంగా మూడు నుండి ఐదు మిల్లీవోల్టులు, బాగా బిగ్గర రకమైతే పదికి లోపల. టేపురికార్డరు, రేడియో వంటివి ఇచ్చే సామాన్య ధ్వని సంకేతం మూడు వందల మిల్లీవోల్టుల వరకు, కొన్నిటిలో అంతకు మించి ఉంటుంది. ఆ పసిగొంతును వంద రెట్లు పెంచి, పై లెక్క ప్రకారం సరిదిద్దే భాగాన్ని ఫోనో ప్రీయాంప్లిఫయరు అంటారు. అది ఉన్న సాకెట్టు ఫోనో, లేనిది లైను. ఇంత స్వల్పమైన సంకేతం చుట్టుప్రక్కల కరెంటు తీగల గుయ్యిమను మ్రోతను ఇట్టే పట్టుకొంటుంది. ఆ మ్రోతను తొలగించడానికే టర్న్‌టేబుల్ నుండి సన్నని ఎర్తు తీగ ఒకటి వేరుగా వస్తుంది. దానిని బిగించడానికి పెట్టె వెనుక ఒక మర ఉండవలెను. క్రిందటి ఉగాదినాడు మా హాలులో మ్రోగిన తుమ్మెదలు ఆ తీగ వ్రేలాడుతూ ఉండిపోయినందువల్ల వచ్చినవే.

రెండు టర్న్‌టేబుళ్లు, ఒక జత చేతులు

ప్లేటు వినడానికే గాని తాకడానికి కాదని డెబ్బది ఏండ్లు లోకం నమ్మినది. ఆ నమ్మకాన్ని తలక్రిందు చేసినవారు న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ పేటలో వలస కుటుంబాల పిల్లలు.

క్లైవ్ క్యాంప్‌బెల్ జమైకా ద్వీపంలో పుట్టి, 1967లో అమెరికాకు వచ్చిన కుర్రవాడు. లోకం అతనిని కూల్ హెర్క్ అని పిలిచినది. జమైకాలో పెద్ద పెద్ద స్పీకర్లను వీథిలో నిలిపి రికార్డులు వినిపించే ఆచారం ఉన్నది. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో, అతని తోబుట్టువు బడికి కొత్త బట్టలు కొనుక్కొనే డబ్బు కోసం ఒక విందు ఏర్పాటు చేసినది. ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు అర డాలరు ప్రవేశ రుసుము. హెర్క్ రికార్డులు వేశాడు. పాట నడుమ గాత్రం ఆగి దరువు మాత్రమే మ్రోగే కొన్ని క్షణాలలో పిల్లలు ఎక్కువ ఉత్సాహంతో ఆడుతారని అతడు కనిపెట్టినాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకదానిలో దరువు ముగియగానే రెండవదానిలో అదే దరువు ఎత్తుకొని, క్షణాలను నిమిషాలుగా సాగదీయడం అతని పద్ధతి. పెట్టెకు రెండు జతల ఇన్‌పుట్లు ఎందుకు కావలెనో ఇందులోనే ఉన్నది. ఒక్క టర్న్‌టేబుల్‌తో ఈ విద్య లేదు.

అతని తరువాత బార్బడోస్ నుండి వచ్చిన కుటుంబంలోని జోసెఫ్ శాడ్లర్, అనగా గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, ఈ పనికి గణితం చేర్చినాడు. రికార్డు మీద రంగు పెన్సిలుతో గుర్తు గీచి, గడియారపు ముల్లును చూచినట్లు దానిని చూచి, ఎన్ని చుట్లు వెనుకకు త్రిప్పితే దరువు మొదటికి వస్తుందో లెక్క కట్టేవాడు. విద్యుత్ పని నేర్చినవాడు కనుక, జనానికి వినబడకుండా రెండవ ప్లేటును తన చెవికి మాత్రమే వినిపించుకొనే స్విచ్చిని స్వయంగా అమర్చుకొన్నాడు. డీజే ఒక చెవికి హెడ్‌ఫోను ఆనించుకొని నిలిచేది ఇందుకే. 1970 దశకం నడుమ గ్రాండ్ విజర్డ్ థియోడర్ అనే బాలుడు, తల్లి గదిలోకి వచ్చి మందలిస్తుంటే తిరుగుతున్న ప్లేటును చేతితో ఆపి పట్టుకొన్నాడట. ఆ చేయి కదలికకు ముల్లు పలికిన గీకుడు అతని చెవికి సంగీతమైనది. దానినే స్క్రాచ్ అన్నారు. 1983లో హెర్బీ హాన్‌కాక్ "రాకిట్" పాటలో ఆ ధ్వని లోకమంతా విన్నది.

ఈ చేతులకు తగిన యంత్రం జపానులో తయారైనది. అంతకు పూర్వం మోటారుకూ పళ్లేనికీ నడుమ రబ్బరు పట్టీ ఉండేది. చేయి పెడితే అది జారేది. మత్సుషిత కంపెనీ వారు 1970లో పట్టీ లేకుండా మోటారే పళ్లేన్ని త్రిప్పే టెక్నిక్స్ ఎస్‌పీ-10ను, 1972లో ఎస్‌ఎల్-1200ను తెచ్చారు. 1979లో వచ్చిన ఎస్‌ఎల్-1200 ఎంకే2లో వేగాన్ని నూటికి ఎనిమిది పాళ్ల వరకు పెంచడానికి, తగ్గించడానికి నిలువు మీట పెట్టారు. అది ఆగిన స్థితి నుండి 0.7 సెకనులో పూర్తి వేగం అందుకొంటుంది. ఇంట్లో కూర్చొని పాట వినేవారి కోసం చేసిన యంత్రం బ్రాంక్స్ పిల్లల చేతిలో వాద్యమైనది.

పాట కంప్యూటరులోకి పోయిన కథ

1982లో సీడీ వచ్చినది. పాట గాడి నుండి అంకెలలోకి పోయినది. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు. 1990 దశకంలో అదే పాట ఎంపీత్రీగా కుదించబడి కంప్యూటరులో వేల సంఖ్యలో ఇమిడినది. రికార్డుల పెట్టెలు మోసి నడుములు పడిపోయిన డీజేలకు ఇది వరమే. కాని కంప్యూటరు మీటలు నొక్కేవాని చేతికి ఇరువది ఏండ్లుగా నేర్చిన ప్లేటు విద్య పనికి రాకుండా పోయినది.

యంత్రం వచ్చి చేతిని ప్రక్కకు నెట్టడం మన ఊరికి తెలియని కథ కాదు. పవర్‌లూము వచ్చినప్పుడు చేతిమగ్గం నేసిన ఎన్ని చేతులు ఊరక నిలిచిపోయినవో మన ఇళ్లలోనే లెక్కలున్నవి. డీజేల విషయంలో మాత్రం కథ వేరుగా నడిచినది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎన్‌టూఐటీ అనే చిన్న సంస్థ, డీజేలు రిచీ హాటిన్, జాన్ అక్వావివాల తోడ్పాటుతో, ఫైనల్ స్క్రాచ్ అనే ఏర్పాటు చేసినది. 2002 ప్రాంతాన స్టాంటన్ కంపెనీ దానిని అమ్మకానికి పెట్టినది. అందులో ప్లేటు ఉన్నది, ముల్లు ఉన్నది, టర్న్‌టేబుల్ ఉన్నది. ప్లేటు మీద పాట మాత్రం లేదు.

మరి ఏమున్నది? ఆ తరువాత బాగా వ్యాపించిన సెరాటో ప్లేటును ఉదాహరణగా తీసుకొంటే, దాని గాడిలో ఉన్నది ఒకే ఒక ఈల. 33⅓ వేగంలో సెకనుకు వెయ్యి ఆవృత్తులు. ప్లేటును వేగంగా త్రిప్పితే ఈల హెచ్చుతుంది, మెల్లగా త్రిప్పితే తగ్గుతుంది. కంప్యూటరుకు వేగం తెలిసిపోయినది. అదే ఈల ఎడమ భాగంలోనూ కుడి భాగంలోనూ ఉన్నది, కాని ఒకటి రెండవదానికంటె పావు ఆవృత్తి ముందు నడుస్తుంది. ప్లేటును వెనుకకు త్రిప్పితే ముందు నడిచేది వెనుకబడుతుంది. కంప్యూటరుకు దిక్కు తెలిసిపోయినది. ఇక ఆ ఈల బలంలో ఎక్కువ తక్కువలుగా సున్నలు, ఒకట్లు దాచి ఉంచారు. వాటిని చదివి ముల్లు ప్లేటు మీద ఎక్కడ ఉన్నదో కనుగొంటుంది. ఈ మూడూ తెలిస్తే చాలు. తనలో ఉన్న పాటను చేయి ఎట్లు కదిలితే అట్లు పలికిస్తుంది.

ఇది మేము వివరిస్తుంటే మా పెద్దాయన చివరి దాకా విని, "ఇంతేనా? ఇది మన జకార్డు అట్ట లెక్కనే గద" అన్నాడు. ఇంతకంటె బాగా మేము చెప్పలేము. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణంలో జకార్డు అమర్చిన మగ్గంలో, రంధ్రాలు పొడిచిన అట్టలు ఉంటవి. అట్టలో పువ్వు లేదు, నూలు లేదు. ఏ పోగు లేవవలెనో చెప్పే ఆజ్ఞ మాత్రమే ఉన్నది. పువ్వు విచ్చేది బట్టలో. షోలాపూరు చద్దరు కప్పుకొని పెరిగిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఫైనల్ స్క్రాచ్ తరువాత 2004లో న్యూజిలాండు వారి సెరాటో, అమెరికావారి రేన్ కలిసి స్క్రాచ్ లైవ్‌ను తెచ్చారు. 2007లో బెర్లిను నుండి నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు ట్రాక్టర్ స్క్రాచ్‌ను, దానితో ఎనిమిది ఇన్‌పుట్లు, ఎనిమిది అవుట్‌పుట్లు గల పెట్టెను ఇచ్చారు. ఈ పద్ధతి ఎంత నిలదొక్కుకొన్నదంటే, 2010లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 తయారీ ఆగిపోతే ఇక ప్లేటు కథ ముగిసినదన్నవారు తరువాత మాట మార్చుకోవలసి వచ్చినది. 2016లో ఆ టర్న్‌టేబుల్ కొత్త రూపంలో మరల తయారైనది. కొన్ని మాత్రం తిరిగి రాలేదు. స్క్రాచ్ చేసేవారు ప్రాణంగా చూచుకొన్న ఎం44-7 కార్ట్రిడ్జిని చేసిన షూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జీల తయారీయే మానుకొన్నది.

పెట్టెను ఎన్నుకొనే విధం

ఇంత కథ విన్న తరువాత అంగడికి పోతే ఏమి అడుగవలెనో తనంత తానే తెలుస్తుంది.

మొదట లెక్క. రెండు టర్న్‌టేబుళ్లకు ఒక్కొక్కదానికి ఎడమ, కుడి కలిపి నాలుగు ఇన్‌పుట్లు ఒకేసారి పనిచేయవలెను. ఈ "ఒకేసారి" అన్న మాటను గట్టిగా అడుగవలెను. మేము కొన్న పెట్టె వెనుక నాలుగు సాకెట్లు కనబడినవి, రెండు జతలనుకొన్నాము. తీరా అవి ఒకే జతకు రెండు ద్వారాలు. ఒకటి ఫోనో, ఒకటి లైను. ఏదో ఒకటే పనిచేస్తుంది. మా కుడి ప్లేటు మూగపోవడానికి కారణం అదే. అవుట్‌పుట్లు కూడ నాలుగు కావలె. బయట మిక్సరు ఉంటే ఒక్కొక్క పాటకు ఒక్కొక్క జత. మిక్సరు లేక కంప్యూటరులోనే కలిపేవారికి ఒక జత హాలుకు, ఒక జత హెడ్‌ఫోనుకు. కొన్ని మిక్సర్లలోనే ఈ పెట్టె ఇమిడి ఉంటుంది. అట్టి మిక్సరు కొంటే వేరే పెట్టె అక్కరలేదు.

రెండవది ఫోనో. ఇందులో ఒక చిత్రమున్నది. ఆర్.ఐ.ఏ.ఏ. లెక్కలో వెయ్యి ఆవృత్తుల దగ్గర పెంపూ లేదు, తగ్గింపూ లేదు. ఆజ్ఞా ప్లేటులోని ఈల సరిగా అక్కడనే ఉన్నది. కనుక దానికి సరిదిద్దే పని అవసరం లేదు, బలం పెంచితే చాలు. కొన్ని ప్రోగ్రాములు ఫోనో లేని పెట్టెతోనే, బలం తామే పెంచుకొని, పని జరుపుకొంటాయి. బలం పెంచితే గోల కూడ పెరుగుతుంది కనుక ఇది లేమిలో ఉపాయమే గాని ఉత్తమం కాదు. అసలైన పాట ఉన్న ప్లేటును కూడ వినదలచినవారికి, మనవలె పాత ప్లేట్లను కంప్యూటరులోకి ఎక్కించదలచినవారికి, నిజమైన ఫోనో ఉండి తీరవలె. ఎర్తు మర ఉన్నదో లేదో పెట్టెను వెనుకకు త్రిప్పి కంటితో చూడవలె.

మూడవది ఆలస్యం. చేయి కదలికకూ ధ్వనికీ నడుమ కంప్యూటరు కొంత కాలం తింటుంది. నమూనాలను ఒక్కొక్కటిగా గాక కట్టలుగా తీసుకొంటుంది కనుక ఇది తప్పదు. కట్టకు 1024 నమూనాలైతే, సెకనుకు 44,100 లెక్కన, 23 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, వెలుపలికి ఒకసారి, కలిపి కనీసం 46. ధ్వని గాలిలో అంత కాలంలో సుమారు 16 మీటర్లు పోతుంది. అనగా మన హాలు చివర ఉన్న వాద్యాన్ని ఈ చివర నుండి వాయిస్తున్నట్లు ఉంటుంది. కట్ట 128 అయితే రెండు వైపులా కలిపి ఆరు మిల్లీసెకన్లకు లోపల, రెండు మీటర్ల దూరం. చేతికి తేడా తెలియదు. ఇంత చిన్న కట్టతో తడబడకుండా నడిచే పెట్టె కావలె. విండోసు కంప్యూటరు వాడేవారు, 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ ప్రవేశపెట్టిన ఆసియో పద్ధతిలో పనిచేసే డ్రైవరు ఆ పెట్టెకు ఉన్నదా అని అడుగవలె. దుకాణంలో స్వయంగా స్క్రాచ్ చేసి చూడడం అన్నిటికంటె మంచి పరీక్ష.

నాల్గవది స్వాతంత్ర్యం. స్క్రాచ్ లైవ్ రేన్ వారి పెట్టెలతో తప్ప పనిచేసేది కాదు. తరువాత సెరాటో డీజే వచ్చి దాని స్థానం ఆక్రమించినది, పాత ప్రోగ్రాము ఆగిపోయినది. పెట్టె చెడిపోకపోయినా దాని ప్రోగ్రాము, డ్రైవరు నిలిచిపోతే అది ఇనుప డబ్బాయే. ఇందుకు విరుగుడుగా కొందరు ఉదారులు ఎక్స్‌వాక్స్, మిక్స్ వంటి ప్రోగ్రాములను ఉచితంగా, అందరూ లోపల చూడదగినట్లు తయారుచేశారు. మిక్స్ సెరాటో ప్లేటునూ, ట్రాక్టర్ ప్లేటునూ చదువుతుంది. తగిన ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు ఉన్న ఏ సౌండు కార్డుతోనైనా పనిచేస్తుంది. సంఘం వంటి సంస్థ పదేండ్లకు ఒకసారి కొంటుంది. ప్రత్యేక డ్రైవరు లేకుండానే కంప్యూటరు గుర్తించే పెట్టె, ఒక్క ప్రోగ్రాముకే బందీ కాని పెట్టె మనకు మేలు.

సొమ్ము పరిమితమైనప్పుడు దేనికి ఎక్కువ పెట్టవలె అని అడిగితే మా అభిప్రాయం ఇది. మంచి ముల్లుకు, మంచి పెట్టెకు. ఆజ్ఞా ప్లేట్లు అరిగిపోయేవే, అరిగితే మార్చుకోవచ్చు. అరిగేది ఈల గాని పాట కాదు.

లక్క ప్లేటు మీద మరల చేయి

ఈ ఏడు పిల్లలు తిరిగి వచ్చారు. మేమే పోయి పిలిచాము. ఈసారి సామాను ముందే తెచ్చి, నెల దినాలు ముందుగా పరీక్ష చేశాము. అప్పుడు మా పెద్దాయన తన తల్లి దాచిన ప్లేటు ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. నాటక పద్యం. అంచు దగ్గర బీట వారినది. ఇంట్లో ముప్పది ఏండ్లుగా ఎవరూ వేయలేదు, విరుగుతుందని భయం.

లక్క ప్లేటు గాడి వెడల్పు. దానికి మొన వ్యాసార్థం అంగుళంలో సుమారు వెయ్యవ వంతులు మూడు ఉన్న ముల్లు కావలె. లాంగ్ ప్లే ముల్లు దానికంటె చాలా సన్నం, గాడి అడుగున గీకుతూ పోతుంది. తగిన ముల్లు తెప్పించాము. మేము తెచ్చిన టర్న్‌టేబుల్‌కు 78 వేగం లేదు. కనుక 45 వేగంలో త్రిప్పి, కంప్యూటరులోకి ఎక్కించి, అక్కడ 78కి పెంచాము. బీట దగ్గర టక్కు టక్కుమని చప్పుడు. అది తీసివేయుదుమా అని పిల్లవాడు అడిగితే పెద్దాయన వద్దన్నాడు. ఆ చప్పుడు కూడ తన ఇంటిదేనట.

తరువాత పిల్లవాడు ఆ పద్యాన్ని ఆజ్ఞా ప్లేటుకు అప్పగించి, "తాతా, మీరే త్రిప్పండి" అన్నాడు. పెద్దాయన మొదట చేయి వెనుకకు తీసుకొన్నాడు. ప్లేటును ముట్టుకొంటే తల్లి కొట్టేదట. ఇది ముట్టుకొనేందుకే చేసినది అని చెప్పిన మీదట రెండు వ్రేళ్లు ఆనించాడు. మెల్లగా వెనుకకు త్రిప్పాడు, రాగం వెనుకకు నడిచినది. విడిచాడు, ఎత్తుగడ మరల వచ్చినది. అట్లు ఏడెనిమిది సార్లు. నాడె విసిరిన చేయి గదా, రెండవ సారికే సరిగా గాత్రం మొదలయ్యే చోటికి తెచ్చి ఆపుతున్నాడు. పిల్లవాడు నోరు తెరచి చూస్తున్నాడు.

మన సంఘం ఈ సంవత్సరం ఆ పెట్టెను వారానికి ఒక సాయంకాలం హాలులో తెరచి ఉంచ నిశ్చయించినది. ఇంట్లో పాత ప్లేటు ఉన్నవారు, ముక్క అంచు విరిగినదైనా సరే, గుడ్డలో చుట్టి జాగ్రత్తగా తీసుకొని రండి. ముల్లు, పెట్టె సంఘానివి. చేతులు మన పిల్లలవి. నూతన సంవత్సరం మన యిళ్లకు, మన మగ్గాలకు, మన పాటలకు శుభమగుగాక.